ఖాళీగా వదిలిన ముందుమాట

"వచ్చాక, వచ్చాక అంటున్నావు. ఆయన ఎప్పుడొస్తాడే కృపా?"

"వస్తారక్కా. వస్తానన్నారు."

గల్ఫులో, మనామా ఊళ్లో శుక్రవారం ప్రార్థన ముగిసి జనం భోజనాలకు లేచారు. హాలు వెనక వరండాలో జీవమ్మ తన పచ్చళ్ల సీసాలను బల్లకు ఒక పక్కకు జరిపి, రెండో పక్క తుడిచి ఖాళీగా పెట్టింది. కృప ఆ ఖాళీ వైపు చూడడం లేదు. గేటు దగ్గర ఎడ్వర్డ్ పికప్పులో, ఆమె రాసి సొంతంగా అచ్చు వేయించుకున్న కథల పుస్తకాలు పెట్టెల్లో ఉన్నాయి.

"వస్తానన్నాడు. ఈస్టరుకీ వస్తానన్నాడు. మొన్న పిక్నిక్కి కూడా వస్తానన్నాడు. ఆ సోమేశ్వరరావు ఒక మాట విసిరి పోతాడు, నువ్వు దాన్ని పట్టుకుని గుమ్మంలో కూర్చుంటావు."

"నెమ్మదిగా అక్కా. వింటున్నారు."

"విననీ. పుస్తకం ఎలాగూ చదవనివ్వవు. నా తిట్లయినా విననీ."

"ఆయన తెలుగు సంఘానికి పెద్ద. పద్యాలు రాస్తారు. ఆయన నాలుగు మాటలు రాస్తే పుస్తకానికి ఒక..."

"ఒక?"

"ఒక గౌరవం."

"అంటే ఇప్పుడు లేదన్నమాట. అరాద్‌లో నువ్వు పనిచేసే ఇంటి వంటగదిలో, నెత్తి మీద విమానాలు దిగుతుంటే, కుక్కరు మూత తియ్యడానికీ మళ్లీ పెట్టడానికీ మధ్యలో రాసుకున్నావు. ఆ రాతకి గౌరవం లేదు. ఆయన ఏసీ గదిలో కూర్చుని నాలుగు ముక్కలు గిలికితే అప్పుడొస్తుంది."

"నేను అలా అన్నానా?"

"నువ్వు అనలేదు. నువ్వు చేసేదే అది."

"ఏ పుస్తకానికైనా ముందు పెద్దవాళ్ల మాట ఉంటుందక్కా. ఒక్కోదానికి ముగ్గురు నలుగురు రాస్తారు. అది లేకుండా పుస్తకం ఇస్తే, ఎవరీవిడ అంటారు."

"ఆ పేజీలు నేనెప్పుడూ చదవను. తిప్పేస్తాను."

"నువ్వు తిప్పేస్తావు. అందరూ తిప్పేయరు."

"ఎడ్వర్డూ, ఇలా రా. నువ్వు చెప్పు. పుస్తకంలో ముందుమాట చదువుతావా నువ్వు?"

"నన్ను లాగకు పిన్నీ. నేనడిగేది ఒకటే. పెట్టెలు దించనా, తీసుకుపోనా? బండి తుబ్లీలో వర్క్‌షాపుకి అప్పజెప్పాలి. భోజనం చేసి వచ్చేస్తానని చెప్పి తెచ్చేను."

"దించు."

"దించకన్నయ్యా."

"ఇది బాగుంది. ఇద్దరిలో ఎవరి మాట వినమంటారు? పుస్తకం చెల్లమ్మది, గొంతు పిన్నిది."

"నవ్వులాటగా ఉందా నీకు? తీసుకుపోయి ఎక్కడ పెడతావు?"

"వర్క్‌షాపు వెనక రేకుల షెడ్డుంది. పాత టైర్లు, గ్యాసు సిలిండర్లు ఉంటాయి. ఒక మూలగా సర్దుతాను."

"సముద్రపు గాలికి ఇనుమే తుప్పు పడుతుంది అక్కడ. కాగితం ఎన్నాళ్లుంటుంది?"

"మరేం చెయ్యనక్కా. మా మేడం ఖలాస్ అనేసింది. స్టోరు గదిలో ఇంక ఒక్క పెట్టె ఉండడానికి వీల్లేదంది. చెల్లెలి కుటుంబం వస్తోందట. ఈ పూటే తీసెయ్యమంది."

"అందుకే చెప్తున్నాను. ఈ బల్ల మీదికి రావాలి. షెడ్డులోకి వెళ్తే ఇంక నువ్వు తియ్యవు. నీ సంగతి నాకు తెలీదా? ఇవాళ ఆయన రాలేదంటావు, రేపు ఎండంటావు, ఎల్లుండి చెద పట్టిందంటావు. అప్పుడు ఏడుస్తావు."

"చెల్లమ్మా, కోప్పడనంటే ఒకటడుగుతాను. దారిలో ఒక పెట్టె మూత ఊడిపోతే పుస్తకం తీసి చూశాను. మొదట్లో ముందుమాట అని ఇంతింత అక్షరాలున్నాయి. కింద తెల్లగా ఉంది. తిప్పితే అదీ తెల్లగానే ఉంది. ప్రెస్సువాడు గాని మోసం చేశాడా?"

"లేదన్నయ్యా. నేనే వదిలెయ్యమన్నాను."

"నువ్వే?"

"ఆయన రాసివ్వడం ఆలస్యమవుతోందని ప్రెస్సువాడు తొందరపెట్టేడు. సరేలే, చోటు వదిలెయ్యండి, ఆయన రాసేక ఇక్కడ అచ్చేయించి అంటించుకుంటాను అన్నాను."

"అన్నిట్లోనా?"

"అన్నిట్లోనూ."

"విన్నావా ఎడ్వర్డూ? ఇంతవరకూ నాక్కూడా చెప్పలేదు ఈ ముక్క. రాని మనిషికి విస్తరేసి, ఆయనొచ్చి కూర్చునేదాకా పిలిచినవాళ్లందరినీ పస్తు పెట్టింది."

"ఆయన రాకపోరక్కా. పనుల్లో ఉంటారు."

"ఇంకేం చూశావు ఎడ్వర్డూ? చెప్పు, దాచకు."

"ఏం లేదు పిన్నీ. వెనక వెల అని ఉంటుంది కదా."

"అన్నయ్యా, ఎందుకులే."

"ఏముంది అక్కడ?"

"చెల్లమ్మ వద్దంటోంది."

"ఏముందిరా?"

"వెల దగ్గర, మీ ఆశీస్సులు అని ఉంది."

"ఆశీస్సులు."

"చాలామంది అలాగే వేసుకుంటారక్కా. అమూల్యం అని వేస్తారు, ఆదరాభిమానాలు అని వేస్తారు."

"ప్రెస్సువాడు ఆశీస్సులు పుచ్చుకుని అచ్చేశాడా? కాగితం కొట్టువాడు ఆశీస్సులు తూచుకున్నాడా? నువ్వు సెలవు రోజు కూడా వేరే ఇంటికెళ్లి కార్పెట్లు ఉతికి ఓవర్‌టైం చేసింది ఎందుకే? చేతులు చూపించు వాడికి. సబ్బునీళ్లకి చర్మం ఊడిపోయిన చేతులు చూపించు. చూడు ఎడ్వర్డూ, ఇవి రచయిత్రిగారి చేతులు. వీటికి ఆశీస్సులు రాయాలి."

"చెయ్యి వదులక్కా."

"ఒట్టి చేతుల్తో వచ్చినవాడికల్లా ఊరికే ఇచ్చి పంపుతావు, అంతేనా?"

"అమ్ముకోవడం నాకు సిగ్గు. కథలు చెప్పి డబ్బులు వసూలు చేస్తోందంటారు."

"నేను పచ్చళ్లు అమ్ముతున్నాను. నాకు సిగ్గు లేదు మరి."

"పచ్చళ్లు వేరు."

"ఏం వేరు? నువ్వూ కారం కలిపేవు, నేనూ కలిపేను. విను కృపా. నేను ఊరికే ఇచ్చిన సీసా మూత కూడా తియ్యరు. ఫ్రిజ్జులో వెనక్కి పోతుంది, ఎప్పుడో బూజు పట్టాక పారేస్తారు. కొనుక్కున్నవాడు ఆ పూటే అన్నంలో కలుపుతాడు. బాగోపోతే మళ్లీ వారం వచ్చి, ఉప్పెక్కువైంది, జీవమ్మా అని నా మీద పడతాడు. నాకు వాడే కావాలి. వాడు తిన్నాడు కాబట్టి తిడుతున్నాడు."

"పిన్ని చెప్పింది నిజం చెల్లమ్మా. ఉప్పు సంగతి నేనే రెండుసార్లు చెప్పేను."

"నువ్వు చెప్పేవు, మళ్లీ కొన్నావు."

"మరి ఇక్కడ ఇంకోటి దొరకదు కదా."

"నోరు మూసుకో."

"పోనీ ఒక్క వారం ఆగుదాం అక్కా. అచ్చుతప్పులు దిద్దడం అవ్వలేదు."

"ఏ తప్పులు?"

"అక్కడక్కడ ఒత్తులు పోయాయి. ఒకచోట ఒక వాక్యం రెండుసార్లు పడింది. ప్రతి కాపీలోనూ పెన్నుతో కొట్టేసి దిద్దుతున్నాను. ఇంకా చాలా పెట్టెలున్నాయి."

"కూర్చుని అన్నిటిలోనూ దిద్దుతున్నావా? పుస్తకాలొచ్చిన దగ్గర్నించీ నువ్వు చేస్తున్నది అదా? నేను ఒక్క కాపీ ఇవ్వవే అంటే, దిద్దలేదు దిద్దలేదు అన్నది అందుకా?"

"తప్పుల పుస్తకం చేతిలో పెడితే చదువుకున్నవాళ్లు ఏమనుకుంటారు?"

"చదువుకున్నవాళ్లెవరే?"

"బ్యాంకుల్లో పనిచేసేవాళ్లున్నారు. డాక్టర్లున్నారు. సోమేశ్వరరావుగారి ఇంటికి వచ్చేవాళ్లు."

"ఈ హాల్లో అన్నాలు తింటున్నవాళ్లు?"

"వీళ్లు పుస్తకాలు చదవరక్కా."

"వీళ్లంటే?"

"వీళ్లంటే... మనవాళ్లే. ఇళ్లల్లో పనులు చేసుకునేవాళ్లు. క్యాంపుల్లోవాళ్లు. వారమంతా డ్యూటీ చేసి ఒక్కరోజు వస్తారు. పాటలు పాడుకుంటారు, తింటారు, ఊరి కబుర్లు చెప్పుకుంటారు. వాళ్లకి ఇదెందుకు?"

"వీళ్లంటే నేనేనా?"

"నిన్నెందుకంటానక్కా."

"నన్నే అన్నావు. నేను బడి మొహం చూడలేదు. ఊరినించి వచ్చిన సీసాలకి చుట్టిన పేపరు ముక్కలుంటాయి చూడు, నూనె మరకలతో, వాటిని ఎండబెట్టుకుని ఒక్కో అక్షరం కూడబలుక్కుని నేర్చుకున్నాను. సగం కథలే దొరికేవి. కింద చిరిగిపోయుండేది. ఆ మనిషి ఏమైపోయిందో, ఇంటికి చేరిందో లేదో తెలిసేది కాదు. జిదాఫ్స్‌లో ఆ ఇంట్లో అంట్లు తోముతూ మిగతా సగం నేనే అనుకునేదాన్ని. నాలాంటిది ఒకత్తి మొదలూ చివరా ఉన్న పుస్తకం రాసిందంటే నాకు వద్దా? నాకెందుకు అంటావా?"

"అక్కా, నేను ఆ ఉద్దేశంతో..."

"నీ ఉద్దేశం నాకు తెలిసింది. నువ్వు మా గురించి రాసేవు, మాకోసం రాయలేదు. మా కష్టం పట్టుకెళ్లి వాళ్ల సోఫాల ముందు పెట్టి, బాగుందాండీ అని నిలబడతావు. శాలువా కూడా కొన్నావట కదా."

"ఎవరు చెప్పేరు?"

"సత్యకుమారి చెప్పింది. బజారులో నీతో వచ్చిందిగా. ఆవిష్కరణ రోజున ఆయనకి కప్పడానికట. ఈ ఎండలో శాలువా."

"సభ అన్నాక కప్పాలి కదక్కా. ఆయన రిబ్బను విప్పి పుస్తకం పైకెత్తి చూపిస్తారు. అందరూ చప్పట్లు కొడతారు. అలా ఒక్కసారి... నాకూ ఆశ ఉండదా?"

"ఉండు ఆశతో. నేనేం కాదన్నాను. కాని దాని కోసం పెట్టెలు షెడ్డులో పెడతానంటే ఊరుకోను."

"ఊరుకోకపోతే ఏం చేస్తావు? నీకేం అక్కా. వచ్చే వారం నువ్వు వీసా క్యాన్సిల్ కొట్టించుకుని వెళ్లిపోతావు. తిరిగి రావు. ఇక్కడ ఉండాల్సింది నేను. రేపట్నించి వీళ్లందరి మొహాలూ చూడాల్సింది నేను. బాగోలేదంటే పడాల్సింది నేను. ఒక్కరూ కొనకపోతే, సాయంత్రం ఆ పెట్టెలు మళ్లీ ఎత్తుకోవాల్సింది నేను. నువ్వు హాయిగా తిట్టేసి విమానం ఎక్కేస్తావు."

"హాయిగా."

"కాదా మరి?"

"నేను హాయిగా వెళ్తున్నానా కృపా?"

"నేను అలా అనకూడదు. తప్పే. కాని నువ్వు పొద్దున్నించీ..."

"అన్నావుగా. అయిపోయింది. ఎడ్వర్డూ, హాలు ఆఫీసులో ఫోను పనిచేస్తోందా?"

"చేస్తోంది పిన్నీ."

"వెళ్లి ఆయనకి ఫోను చెయ్యి. వస్తున్నాడా లేదా, రాశాడా లేదా, అడుగు. నా పేరు చెప్పకు."

"నీ పేరు చెప్తే ఫోను పెట్టేస్తాడులే."

"అన్నయ్యా, మర్యాదగా అడుగు. తొందర లేదని చెప్పు."

"తొందరుందని చెప్పు."

ఎడ్వర్డ్ లోపలికి వెళ్లాడు. అతను తిరిగొచ్చేలోపు ఎవరో వచ్చి గోంగూర ఉందా అని అడిగితే, అయిపోయిందని జీవమ్మ సీసాల ముందే నిలబడి చెప్పింది.

"ఏమన్నాడు?"

"అదీ..."

"నీళ్లు నమలకు."

"ఇవాళ రావడానికి కుదరదన్నారు. ఎవరింట్లోనో భోజనాలట. చెల్లమ్మ పేరు చెప్తే మొదట గుర్తురాలేదు. తర్వాత గుర్తొచ్చింది. ఆ కాగితాలు ఎక్కడో పెట్టేను, చూడాలి అన్నారు."

"చూడాలి అన్నారా అన్నయ్యా? చదవలేదా ఇంకా? పోయిన ఏడాది ఇచ్చేను."

"చదవలేదమ్మా. ఊరికే గుచ్చి అడగడం ఎందుకని నేను..."

"ఇంకేమన్నాడు? మొత్తం చెప్పు."

"పిన్నీ, నువ్వు కోప్పడతావు."

"నేను ఇప్పటికే కోపంగా ఉన్నాను. దాంట్లో ఇంక పట్టేదేముంది? చెప్పు."

"అంత తొందరైతే ఆవిణ్ణే ఏదో ఒకటి మంచిగా రాసేసుకుని కింద నా పేరు వేసేసుకోమను అన్నారు. చాలామందికి అలాగే ఇస్తుంటారట."

"మళ్లీ చెప్పు."

"వద్దు పిన్నీ."

"కృపా, విన్నావా? నిన్ను నువ్వే పొగుడుకుని కింద ఆయన పేరు పెట్టుకోవాలట. అదే గౌరవం. ఇన్నాళ్లూ నువ్వు గుమ్మంలో కూర్చుని ఎదురుచూసింది దానికే."

"అనకక్కా."

"నేననడం లేదు, ఆయనన్నాడు."

"ఇంక ఏమీ అనకు."

"ఏడవకు. ఏడిస్తే నాకు ఇంకా కోపమొస్తుంది. తుడుచుకో. తుడుచుకుని పెట్టెలు దించమను. ఆ తెల్ల పేజీ తెల్లగానే ఉండనీ. అడిగినవాళ్లకి, పెద్దాయన భోజనానికి వెళ్లేడని చెప్పు."

"చెల్లమ్మా, పిన్ని చెప్పినట్టే చేద్దామమ్మా. జనం తినడం అయిపోతోంది. చేతులు కడుక్కుని ఇటే వస్తారు. నేను మొదటి పుస్తకం కొంటాను. ఆశీస్సులు కాదు, దినార్లే ఇస్తాను."

"వద్దన్నయ్యా. తీసుకెళ్లిపో."

"ఏంటి?"

"తుబ్లీకి తీసుకెళ్లిపో. షెడ్డులోనే పెట్టు."

"నీకు మతి పోయిందా? ఇంకా ఏం అడ్డమొచ్చిందే? ఆయన రాడని తేలిపోయింది. రాయడని తేలింది. ఇంకెవరి కోసం?"

"ఎవరి కోసమూ కాదు."

"తప్పుల గురించా? నేనే ఒక్కొక్కరికీ చెప్తాను, ఒత్తులు పోయాయి, మీరే పెట్టుకుని చదువుకోండని."

"తప్పుల గురించి కాదు."

"కొనరని భయమా? కొనకపోతే పచ్చడి ఎలా అమ్ముతానో అలాగే అమ్ముతాను. ముందు అరచేతిలో కాస్త వేసి రుచి చూపిస్తాను. నువ్వొక పేజీ గట్టిగా చదువు చాలు. ఏ కథైనా సరే, నీకు నచ్చింది చదువు."

"నేను చదవను."

"ఏం?"

"ఈ హాల్లో చదవలేను. వీళ్ల ముందు చదవలేను. నీ ముందు అసలు చదవలేను."

"నా ముందా? నేనేం చేశాను?"

"వదిలెయ్యక్కా. నీ దగ్గర్నించి ఇన్నాళ్లూ దాచింది ఎందుకనుకున్నావు? ఒత్తుల కోసమనే అనుకున్నావా?"

"అవుననేగా నువ్వు చెప్పేవు."

"ఇంక ఆరు రోజులు... వారం ఆగితే నువ్వు వెళ్లిపోతావు. నువ్వు వెళ్లేక ఎవరికైనా ఇద్దామనుకున్నాను. నువ్వు చూడకుండా. ఆయన ముందుమాట రాకపోవడమే మంచిదైందని ఒక్కోసారి సంతోషించేను కూడా. ఆయన పేరు చెప్పి ఆపచ్చు కదా అని."

"ఎందుకు ఆపడం?"

"నేను బయటికెళ్లి బండి దగ్గర నిలబడతాను పిన్నీ. మీరు మాట్లాడుకోండి."

"నువ్వెక్కడికీ వెళ్లకు ఎడ్వర్డూ. చెప్పవే. ఎందుకు?"

"అందులో నువ్వున్నావక్కా."

"నేనా?"

"పేరు మార్చేను. రత్నమ్మ అని పెట్టేను. ఊరు కూడా మార్చేను. కాని చదివితే ఎవరికైనా తెలిసిపోతుంది. రొయ్యలు వలుస్తూ నువ్వు నాకొక్కదానికే చెప్పుకున్నావు. మీ అమ్మాయి సువార్తని ఉప్పు ప్యాకెట్టు కొనుక్కురమ్మని కొట్టుకి పంపించి, అది వచ్చేలోపు బస్సెక్కేసేనని. అది ప్యాకెట్టు పట్టుకుని అమ్మా అని అరుస్తూ బస్సు వెనక పరిగెట్టిందని. వీళ్లందరితో నువ్వు చెప్పేది వేరు. పిల్ల చెయ్యి ఊపి పంపించింది, మా అమ్మ డబ్బు పంపిస్తుంది అని నవ్వింది, అని చెప్తావు. ఎన్నేళ్ల నించో అదే చెప్తున్నావు. నేను ఇంటికెళ్లి ఆ వారమే రాసేసేను. నిన్నడగలేదు. అడిగితే వద్దంటావని అడగలేదు. ఇప్పుడది బల్ల మీద పెడితే, నువ్వు వెళ్లే ముందు వారం, ఈ హాల్లో ప్రతి ఒక్కరూ నీ మొహం వంక చూస్తారు. పెట్టమంటావా? ఇప్పుడు చెప్పు, దించమంటావా?"

ఎడ్వర్డ్ తల వంచుకుని బండి తాళాలు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. కృప ఏడుపు ఆగిపోయింది. దెబ్బకి సిద్ధపడిన మనిషిలా నిలబడింది.

"దించు ఎడ్వర్డూ."

"పిన్నీ, ఒకసారి ఆలోచించుకో."

"ఆలోచించుకున్నాకే ఇందాక బల్ల తుడిచేను. నేను చదివేను కృపా."

"ఏం చదివేవు?"

"మొత్తం. రత్నమ్మ కథ అయితే చాలాసార్లు చదివేను. తెల్ల పేజీ, ఆశీస్సులు కూడా చూసేను, నీ నోటితోనే చెప్పించాలని తెలీనట్టు ఉన్నాను."

"నేను నీకు ఇవ్వలేదు."

"నువ్వివ్వలేదు, నేను తీసుకున్నాను. మీ మేడం కొడుకు పుట్టినరోజుకి సమోసాలు చుట్టడానికి పిలిచావు చూడు. స్టోరులోంచి మైదా తెమ్మన్నావు. పెట్టె అక్కడే ఉంది. మైదాతో పాటు రెండు పుస్తకాలు కూడా తెచ్చుకున్నాను."

"రెండా?"

"రెండు."

"అప్పట్నించీ తెలుసా నీకు? తెలిసే ఇన్నాళ్లూ నాతో... కోపం రాలేదా?"

"రాలేదా? ఆ తర్వాత వరసగా కొన్ని శుక్రవారాలు నీ పక్కన కూర్చోలేదు, గుర్తుందా? పంటినొప్పని చెప్పేను. నీ గొంతు పిసకాలనిపించింది. నేను నీకు చెప్పుకున్నది నువ్వు అచ్చు గుద్దించేవు. బస్సులో నేను తల వెనక్కి తిప్పలేదని కూడా రాసేవు. అది నేను నీకు చెప్పను కూడా చెప్పలేదు, ఎలా తెలిసిందే నీకు?"

"నేనూ వచ్చేప్పుడు వెనక్కి తిప్పలేదు అక్కా. మావాడు అప్పుడు అరుగు మీద ఆడుకుంటున్నాడు."

"తెలుసు. అందుకే నిన్ను చంపకుండా వదిలేసేను. ఇక్కడున్న ఆడవాళ్లలో పిల్లలకి చెప్పి వచ్చింది ఎవరు? ఒకత్తిని చూపించు. నిద్రపుచ్చి వచ్చినవాళ్లే, బడికి పంపించి వచ్చినవాళ్లే. అందరూ నాలాగే చెయ్యి ఊపిందని చెప్పుకుంటారు. వీళ్లకెందుకు అన్నావే, అందుకే నాకు ఒళ్లు మండింది. వీళ్లకి కాకపోతే ఇంకెవరికే?"

"నీ మొహం వంక చూస్తారక్కా."

"చూడనీ. చూశాక తలలు వంచుకుని వాళ్ల వాళ్ల పేజీలు తిప్పుకుంటారు."

"అన్నయ్యా."

"చెప్పమ్మా."

"దించు."

"అన్నీనా?"

"అన్నీ."

ఎడ్వర్డ్ గేటు వైపు వెళ్లాడు. హాల్లోంచి ఆడవాళ్లు ఒకరిద్దరు చేతులు తుడుచుకుంటూ వరండాలోకి వస్తున్నారు.

"అక్కా, ఒక్క మాట. ఆ కథ చివర... నీకు ఎలా అనిపించిందో అడగాలంటే భయంగా ఉంది."

"ఏం భయం?"

"ఊరు మార్చినా స్టేషను మార్చలేదు, రత్నమ్మ మీ గూడెం స్టేషన్లోనే బొంబాయి బండి దిగుతుంది, కూతురు ప్లాట్‌ఫారం మీద కూర్చుని ఉంటుంది, పద అమ్మా అంటుంది అని రాసేను. నిజానికి మీ సువార్త పెళ్లికి పిలవలేదు. నువ్వు పంపినవన్నీ తిప్పి పంపింది. నాకు తెలుసు. తెలిసే అలా రాసేను. ఇంకోలా ముగించడానికి చెయ్యి రాలేదు. నీకు ఎగతాళిలా అనిపించుంటే, ఆ ఒక్క పేజీ చింపేసి ఇద్దాం. ఇప్పుడే చింపుదాం, నువ్వు చెప్పు."

"చింపకు. ఆ కథలో నువ్వు రాసిన అబద్ధం అదొక్కటే. అందుకే మా ఊరి యెహెజ్కేలు సెలవుకి వెళ్తుంటే ఆ రెండో పుస్తకం సువార్తకి ఇమ్మని పంపించేను, నా బండి వచ్చే వారం శనివారం గూడెంలో ఆగుతుందని చెప్పమన్నాను."